వీరాపురం కొంగలు సైబీరియావి కావు, మన చెరువులవే

పరిగి: సంక్రాంతి అటూ ఇటూగా చిలమత్తూరు మండలం వీరాపురంలో జనం తల పైకెత్తి నడవడం మొదలుపెడతారు. ముందు నాలుగైదు కొంగలు వచ్చి వూరి మీద చుట్టుతిరుగుతాయి. చింతచెట్ల కొమ్మలు, అవతలి చెరువు చూసుకుని వెళ్లిపోతాయి. కొన్నాళ్లకు గుంపు దిగుతుంది. ఇక ఆషాఢం వరకు ఆ వూరి చింతచెట్లు రైతువి కావు, కొంగలవి.

వాటిని ఎర్రకాళ్ల కొంగలంటారు. పక్షి శాస్త్రవేత్తలు పెయింటెడ్ స్టార్క్ అంటారు. మూడడుగుల ఎత్తు, రెక్కలు చాపితే ఐదడుగులు. పసుపుపచ్చని పొడుగాటి ముక్కు, కొసన కాస్త కిందికి వంగివుంటుంది. ముఖం మీద ఈకలుండవు, నారింజ రంగు చర్మం. ఒళ్లంతా తెలుపు, రొమ్ముకు అడ్డంగా నల్లటి పట్టీ, తోక పక్కన గులాబీ రంగు కుచ్చు. ఎవరో కుంచెతో రంగులు దిద్దినట్టు వుంటుంది కనుకనే దొరలు ఆ పేరు పెట్టారు.

హిందూపురం నుంచి లేపాక్షి మీదుగా చిలమత్తూరు దారి పట్టినవారికి ఈ ప్రాంతానికి, పక్షికి వున్న చుట్టరికం వేరే చెప్పనక్కరలేదు. రావణుడితో పోరాడి నేలకొరిగిన జటాయువును రాముడు 'లే పక్షీ' అన్నాడని, అందుకే లేపాక్షి అయిందని జనం నమ్మిక. ఇప్పుడక్కడ పెద్ద జటాయువు విగ్రహం కూడా వుంది. రాతి పక్షిని చూసేందుకు బెంగళూరు నుంచి కార్లలో వస్తున్న జనంలో, కొద్ది దూరంలోనే ప్రాణమున్న పక్షులు చెట్టుచెట్టుకూ కాపురం పెట్టాయని తెలిసినవారు తక్కువ.

వీరాపురం ప్రజలు మాత్రం తరాలుగా ఈ కొంగలను ఇంటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటున్నారు. గూళ్లున్న రోజుల్లో ఆ చెట్ల కింద టపాసులు పేల్చరు. వేటగాళ్లను వూళ్లోకి రానివ్వరు. కొంగలు వస్తే ఏడు బాగుంటుందని, రాకపోతే కీడని పెద్దల మాట. ఈ మాటను మూఢనమ్మకమని కొట్టిపారేయడం తొందరపాటు అవుతుంది. అందులో చెరువు లెక్క వుంది.

పలకని పక్షి

వసంతకాలంలో పక్షులనగానే కోకిల, గోరువంక, పాటపిట్టలు గుర్తుకు వస్తాయి. ఎర్రకాళ్ల కొంగ వాటికి పూర్తిగా విరుద్ధం. పెద్ద కొంగకు గొంతే లేదనవచ్చు. కూత పెట్టే కండరాలు దానికి లేవు. జతను పిలవాలన్నా, పొరుగు కొంగను గూటి నుంచి తరమాలన్నా ముక్కు పై భాగాన్ని కింది భాగంతో టకటక కొట్టడమే. చెట్ల కింద వినిపించే గోలంతా పిల్లలది. ఆకలేసిన పిల్లలు తల్లి రాగానే మెడలూపుతూ అరుస్తాయి. పిల్లలు గట్టిగా అరుస్తున్నాయంటే వూరివాళ్లకు భరోసా. పట్టపగలు చెట్టు నిశ్శబ్దంగా వుంటేనే ఎవరైనా పైకి చూస్తారు.

గూటికి రెండు నుంచి నాలుగు గుడ్లు, ఒక్కోసారి ఐదు. తల్లి, తండ్రి వంతులవారీగా నెల రోజులు పొదుగుతాయి. పిల్ల పొదిగింది మొదలు రెక్క నిలిచి ఎగరడానికి మరో రెండు నెలలు. ఎండలు ముదిరాక పెద్ద కొంగ గూటి అంచున నిలబడి రెక్కలు గొడుగులా చాపి పిల్లలకు నీడ పడుతుంది. చెరువులో నీరు మింగి వచ్చి గూట్లో కక్కి పిల్లల దప్పిక తీరుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో చిలమత్తూరు ఎండ ఎలా వుంటుందో తెలిసినవారికి ఇది చిన్న పనిగా తోచదు.

సైబీరియా మాట ఎక్కడిది

ఏటా ఈ కొంగలు రాగానే 'సైబీరియా నుంచి వలస పక్షుల రాక' అని పత్రికల్లో పడుతుంది. బడిపిల్లలు అదే చెబుతారు, చూడవచ్చినవారు అదే విని వెళతారు. వేల మైళ్లు ఎగిరి మన వూరికే వచ్చిందంటే వూరికి గొప్పే కదా. అయితే మాట నిజం కాదు.

ఎర్రకాళ్ల కొంగ దక్షిణాసియా పక్షి. భారతదేశం, శ్రీలంక మొదలుకొని తూర్పున వియత్నాం దిక్కు వరకు దాని నివాసం. సైబీరియా దాకా అది పోదు. మంచు నేలలో బతకడం దానికి చేతకాదు. సైబీరియా నుంచి వచ్చేది వేరే పక్షి, సైబీరియా కొంగగా పేరుపడిన తెల్లని పెద్ద క్రౌంచ పక్షి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చిత్తడి నేలకు శీతాకాలంలో వచ్చేది. 2001-02 శీతాకాలంలో చివరిసారి కనబడి, ఆపైన రాలేదు. దాని పేరు బాగా ప్రచారంలోకి రావడంతో, దూరం నుంచి వచ్చే కొంగలన్నిటికీ ఆ పేరే తగిలించడం అలవాటైనట్టుంది.

మరి వీరాపురం కొంగలు ఎక్కడివి? మన చెరువులు, కర్ణాటక చెరువులు, తీరం వైపు మడుగులే వాటి తిరుగుడు. గుడ్లు పెట్టే కాలం కాగానే చెట్టు, నీరు, చేప మూడూ దగ్గరగా దొరికే చోటికి చేరతాయి. పిల్లలు ఎగిరాక మళ్లీ నీరున్న చోటు వెతుక్కుంటూ చెదిరిపోతాయి. వుత్తర భారతంలో ఇవే కొంగలు వానాకాలం చివర, ఆగస్టు, సెప్టెంబరులో గూళ్లు పెడతాయి. ఢిల్లీ జంతుప్రదర్శనశాల 1959లో తెరిచిన కొద్దికాలానికే అక్కడి మడుగుల్లోని చెట్ల మీద అడవి కొంగలు తమంతట తాము వచ్చి గూళ్లు పెట్టడం మొదలుపెట్టాయి. ఆ గూళ్లను ఏళ్ల తరబడి లెక్కపెట్టిన ఆచార్య ఎ.జె. ఉర్ఫీ వాటిపై 2011లో ఒక గ్రంథమే ప్రచురించారు. వానకు, గూళ్లకు వున్న ముడి అక్కడి పరిశీలనలో తేటతెల్లమైంది. వుత్తరాదిన వాన వెంటనే గూడు పెట్టే కొంగ, దక్షిణాదిన చెరువులు నిండి, దిగడం మొదలయ్యాక పెడుతుంది. మన వైపు చెరువులు నిండేది ఎక్కువగా సెప్టెంబరు నుంచి నవంబరు లోపు. కొంగ వచ్చేది జనవరికి. ఈ రెండింటికీ లంకె వుంది.

కొంగ ఎక్కడిదైతేనేమి, వస్తే చాలదా అనవచ్చు. చాలదు. సైబీరియా నుంచి వచ్చే పక్షి తగ్గితే తప్పు ఏ దేశానిదో, ఏ మంచుదో అనుకుని వూరుకోవచ్చు. ఈ కొంగ తగ్గితే వెతకవలసింది మన చెరువు గట్టు మీదే.

మోకాలి లోతు నీరు

ఎర్రకాళ్ల కొంగ చేపను కంటితో చూసి పట్టదు. ముక్కు సగం తెరిచి నీటిలో ముంచి, అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది. ఒక కాలితో బురద కదుపుతుంది. బెదిరిన చేప ముక్కు లోపలికి తగిలిందో లేదో, రెప్పపాటు కూడా పట్టకుండా ముక్కు మూసుకుంటుంది. అందుకే దానికి లోతు నీరు పనికిరాదు. మోకాలి లోపు నీరు వుండాలి, అందులో పక్కెలు, పరిగెలు వంటి చిన్న చేపలు చిక్కగా వుండాలి.

చెరువు నిండి మరువ పారుతున్నప్పుడు వూరంతా సంబరపడుతుంది. కొంగకు ఆ రోజు మేత లేదు. నీరు మెల్లగా దిగుతూ, అంచుల్లో చేప పోగుపడే వేళ దానికి పంట. చెరువు దిగుతుంటే రైతుకు దిగులు, కొంగకు అదే కోతల కాలం. కాని పూర్తిగా ఎండితే ఇద్దరికీ ఒకటే గతి. జనవరి చివర గూడు కట్టి, ఫిబ్రవరిలో గుడ్లు పెడితే, మార్చిలో పిల్లలు, మే నెలాఖరుకు గాని అవి ఎగరవు. ఆలస్యంగా వచ్చిన జంటలకు ఆషాఢం కూడా అవుతుంది. శ్రీరామనవమికే చుట్టుపక్కల చెరువులు, కుంటలు అడుగంటితే పిల్లలకు మేత తేవడానికి పెద్ద కొంగలు ఇంకా దూరం పోవాలి. మేత చాలనప్పుడు ముందుగా చిన్న పిల్లకు కరువు. పెద్ద పిల్ల దాన్ని తోసి తింటుంది. నీరసించిన పిల్ల గూటి నుంచి జారి కింద పడుతుంది. కుక్కల పాలు కాకుండా వూరివాళ్లు తీసి కాపాడిన పిల్లలున్నాయి, దక్కనివీ వున్నాయి.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే పాత అనంతపురం జిల్లాలో ఈ లెక్క ఎప్పుడూ కత్తి మీద సామే. మంచి వానల ఏడు చెట్టు నిండా గూళ్లు. వరస కరువుల్లో వచ్చేవి పలచబడతాయి, వచ్చినవాటిలో కొన్ని గూళ్లు వదిలి పోతాయి. 2021 నవంబరులో చిత్రావతి, పెన్నా పొంగి వూళ్లను ముంచినప్పుడు అందరూ నష్టమే చూశారు, అది చూడవలసినదే. ఆ నీరే చెరువుల్లో నిలిచి చేపను పెంచింది కూడా. అంతకుముందు 2016లో హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీరు పెనుకొండ దగ్గర గొల్లపల్లి జలాశయం దాకా వచ్చింది. కాలువ నీరు చేరిన చెరువు వాన మీదే ఆధారపడనక్కరలేదు. కొంగకు అది వరమే, ఒక షరతు మీద. ఏడాది పొడవునా నిండుగా లోతుగా వుంచే చెరువు పక్షికి మేత పెట్టదు. ఒక పక్కన అయినా పల్లం నీరు, తుంగ, బురద మిగలాలి.

పరిగి మండలం దగ్గర ఈ సంగతి చెప్పుకోవడానికి కారణముంది. జయమంగళి వచ్చి పెన్నాలో కలిసేది ఈ మండలంలోనే. పెద్ద చెరువు ఆయకట్టు మీద బతికిన వూరు ఇది. కొంగ ఒక వూళ్లో గూడు పెట్టినా ఒక చెరువుకే కట్టుబడి వుండదు. నీరు ఎక్కడ పలచగా నిలిస్తే అక్కడికి ఎగిరి పోతుంది. వీరాపురం చింతచెట్టు మీద పెరిగే పిల్లకు మేత వీరాపురం చెరువు ఒక్కటే ఇవ్వలేదు. చుట్టుపక్కల మండలాల చెరువులన్నీ కలిస్తేనే ఆ గూడు.

ఆ చెరువుల తీరు చూస్తే మాత్రం కడుపు తరుక్కుపోతుంది. వంకల నుంచి నీరు తెచ్చే కాలువలు పూడిపోయాయి, కొన్ని చోట్ల పొలాల్లో కలిసిపోయాయి. చెరువు గర్భంలో కంపచెట్లు దట్టంగా మొలిచాయి. నదుల్లో ఇసుక తోడేసిన చోట నీరు నిలవక భూమిలోకి జారిపోతోంది. వేలం పాడిన చెరువుల్లో బొచ్చె, శీలావతి పిల్లలు వదిలి పెంచుతున్నారు. అది జీవనాధారమే, తప్పు పట్టేది కాదు. అయితే చెరువు చివరి నీటిని తోడి ఒక్క రోజులో చేపంతా పట్టేసే పద్ధతి వున్న చోట, ఆ వారం కొంగ పిల్లలు పస్తులే.

చింతపండు ఎవరిది

ఇంకొక చిక్కు చెట్టు దగ్గర. చింతకాయ పండి దులిపే కాలం, కొంగ గుడ్లు పెట్టే కాలం ఒక్కటే. జనవరి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు. కొమ్మ ఎక్కి కర్రతో దులిపితే గూళ్లు రాలతాయి. దులపకపోతే చింతపండు రాదు. రాయలసీమ రైతుకు పొలం గట్టు మీది చింతచెట్టు కరువు నాటి బ్యాంకు. ఆ రాబడి వదులుకోమని చెప్పడం తేలిక, వదులుకోవడం కష్టం.

కర్ణాటకలో మండ్య జిల్లా మద్దూరు తాలూకా కొక్కరె బెళ్లూరులో ఇదే సమస్యకు ఒక దారి వెతికారు. అక్కడా వూరి నడుమ చింత, రావి చెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు పిల్లలు పెడతాయి. 1976లో ఎస్.జి. నెగిన్‌హాళ్ అనే అటవీ అధికారి ఆ వూరి సంగతి వెలుగులోకి తెచ్చారు. గూళ్లున్న చెట్టు కాయ దులపకుండా వదిలిన యజమానికి అటవీశాఖ పరిహారం ఇచ్చే ఏర్పాటు జరిగింది. చెట్ల కింద గుంతలు తీసి పక్షుల రెట్టను పోగు చేసి రైతులు ఎరువుగా వాడుకున్నారు. 2007లో ఆ వూరిని సాముదాయిక అభయారణ్యంగా ప్రకటించారు. పరిహారం మొత్తం చాలదన్న అసంతృప్తి అక్కడా లేకపోలేదు. అయినా పక్షిని కాపాడే భారం ఒక్క చెట్టు యజమాని నెత్తినే పెట్టకూడదన్న మాట అంగీకరించారు.

ఆ వూరి నుంచే ఒక హెచ్చరిక కూడా వచ్చింది. 2017 చివర, 2018 మొదట కొక్కరె బెళ్లూరులో గూడబాతులు ఒకదాని వెంట ఒకటి చచ్చి పడ్డాయి. కోసి చూస్తే పేగుల్లో నులిపురుగులు. అవి చేపల ద్వారా పక్షి కడుపులోకి చేరతాయి. పాచిపట్టిన, మురుగు కలిసిన నీటిలోని చేప తినడమే కారణమని తేలింది. చెరువులో నీరుంటే సరిపోదు, ఆ నీరు ఎటువంటిదన్నది కూడా చూడాలని దాని అర్థం. పట్టణాల మురుగు చెరువుల్లోకి మళ్లే చోట ఇది గుర్తుంచుకోవలసిన విషయం.

చెట్టు కూడా శాశ్వతం కాదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఇటువంటి కొంగలకే ఆశ్రయమిచ్చిన చెట్లను 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కూల్చివేసింది. మనకు తుఫాను భయం తక్కువ. గొడ్డలి భయం, రోడ్డు వెడల్పు భయం ఎక్కువ. గూటి బరువు మోయగల చింతచెట్టు ఎదగాలంటే ఒక తరం పడుతుంది. నేడు నాటితే మనవల నాటికి కొంగ గూడు.

పోయే పిట్టలను చూసేవారు లేరు

వీరాపురం కొంగలు పెద్దవి, తెల్లనివి, వూరి నడిబొడ్డున వుంటాయి. వాటిని చూడకుండా వుండలేం. అదే రోజుల్లో మన చేల మీదుగా చడీచప్పుడు లేకుండా తిరుగు ప్రయాణం కట్టే చిన్న పిట్టలున్నాయి. నిజంగా పరదేశం నుంచి వచ్చేవి అవి. వాటికి మాత్రం అతిథి మర్యాద లేదు.

గులాబీ గోరువంకను తీసుకోండి. నల్లని తల, గులాబీ రంగు ఒళ్లు. వానాకాలంలోనే కజకస్తాన్, మధ్య ఆసియా మైదానాల నుంచి గుంపులుగా దిగి, జొన్న చేను గింజ పట్టే వేళ మేఘంలా వాలుతుంది. రైతు వడిసెల పట్టుకుని తోలుతాడు. ఆ తిట్లు తినే పిట్టే మిడతలనూ పురుగులనూ రాశులకొద్దీ తింటుంది. ఏప్రిల్‌లో మోదుగ, బూరుగు పూల తేనె తాగి బలం పట్టి మళ్లీ వుత్తరానికి లేస్తుంది. అక్కడ మిడత పిల్లలు పొదిగే వేళకు అందుకుని గూడు పెడుతుంది. మన వైపు జొన్న, కొర్ర, సజ్జ పోయి శనక్కాయ వచ్చింది. ఒక దశలో పాత అనంతపురం జిల్లాలో ఎనిమిది లక్షల హెక్టార్లకు పైగా శనక్కాయే వేశారు. హిందూపురం, పరిగి, మడకశిర వైపు మల్బరీ తోటలు, మొక్కజొన్న. జొన్న కంకి లేని చేలో ఆ గుంపు వాలదు. ముప్పై, నలభై ఏళ్ల కిందట వడిసెల పట్టుకున్న చేతులు ఇప్పటి పిల్లలకు లేకపోవడానికి అది కూడా ఒక కారణం.

పొన్నంకి పిట్ట ఇంకొకటి. ఆకుపచ్చ వీపు, నీలి రెక్క, ఎర్రని పొత్తికడుపు, తోక లేనట్టు వుంటుంది. చలికాలం దక్షిణాదిన, శ్రీలంకలో గడిపి ఏప్రిల్, మే నెలల్లో వుత్తరానికి పోతుంది. రాత్రిపూట ప్రయాణం. తెల్లవారుజామున, మునిమాపున రెండు ముక్కల్లో ఈల వేస్తుంది. తమిళులు దాన్ని ఆరు గంటల పిట్ట అంటారు. 1980లో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పక్షి పరిశీలకుల సంఘం తన పత్రికకు 'పిట్ట' అనే పేరు పెట్టుకుంది.

దేశం మొత్తం మీద ఇటువంటి పిట్టల స్థితి ఏమిటో 2023లో వెలువడిన 'భారత పక్షుల స్థితి' నివేదిక చెప్పింది. ముప్పై వేల మంది పక్షి పరిశీలకులు రాసిన మూడు కోట్ల నమోదులు దానికి ఆధారం. దీర్ఘకాలపు లెక్క తేలిన 338 జాతుల్లో 60 శాతం తగ్గాయి. ఇక్కడే వుండేవాటి కన్నా దూరం నుంచి వచ్చిపోయేవి ఎక్కువ తగ్గాయి. పురుగులు తినేవి, గింజలు తినేవి, మాంసం తినేవి దెబ్బతిన్నాయి. పండ్లూ తేనే తినేవి కొంత నయం. నెమలి మాత్రం బాగా పెరిగింది. ఆ ఒక్క సంగతికి శనక్కాయ రైతుకు నివేదిక అక్కరలేదు, చేలోకి పోతే చాలు.

నీరూ చెట్టూ తిరిగి వస్తే పిట్ట తిరిగి వస్తుందనడానికి మదనపల్లె దగ్గర రిషివ్యాలీ సాక్ష్యం. బోడి గుట్టల మీద మొక్కలు పెంచి, నీరు నిలిపిన ఆ లోయను 1991లో పక్షుల ఆశ్రయంగా ప్రకటించారు. రెండు వందలకు పైగా జాతులను అక్కడ గుర్తించారు. అదీ కరువు సీమే, పెద్ద దూరమూ కాదు.

లెక్క రాయడం ఎలా

దేశపు లెక్కలో ముప్పై వేల మంది వున్నారు గాని, మన పల్లెలవారు అందులో తక్కువ. పల్లెకు తెలిసినది నోటి మాటగా వుండిపోతుంది. 'మా చిన్నప్పుడు చెట్టు కనబడనంత కొంగలుండేవి' అన్న మాటలో నిజం వుండవచ్చు, చిన్నప్పటి కళ్లకు అన్నీ ఎక్కువగా కనబడడమూ వుండవచ్చు. చెరువు మరమ్మతు కావాలని, చింతచెట్టుకు పరిహారం కావాలని అధికారుల దగ్గరకు పోయినప్పుడు నోటి మాటకు విలువ తక్కువ, కాగితానికి ఎక్కువ.

కొంగల లెక్కకు పెద్ద చదువు అక్కరలేదు. ఎగిరే పక్షులను లెక్కపెడితే తప్పుతుంది, పొద్దున సగం మేతకు పోయివుంటాయి. గూళ్లను లెక్కపెట్టాలి. ఒక గూడంటే ఒక జంట. చెట్టుకొక అంకె వేసుకుని, ఏటా ఒకే వారంలో, ఒకే చోట నిలబడి లెక్కించాలి. ఈ ఏడు మార్చిలో, వచ్చే ఏడు మేలో లెక్కిస్తే రెండు అంకెలకూ పోలిక కుదరదు. గూళ్ల తర్వాత పిల్లలు. మే నెలలో గూటి అంచున నిలబడి రెక్కలాడించే పిల్లలెన్నో చూస్తే, ఆ ఏడు మేత సరిపోయిందో లేదో తెలుస్తుంది. గూళ్లు వంద వుండి పిల్లలు యాభై మిగిలితే చెట్టుది కాదు లోపం, చెరువుది. గూళ్లే సగమైతే అది ముందటి వానది, లేదా కొట్టేసిన చెట్టుది. కింద పడిన పిల్లల సంఖ్య, చుట్టుపక్కల ఏ చెరువు ఏ తేదీకి ఎండిందో కూడా పక్కన రాసుకుంటే మంచిది. గూటి దగ్గరకు నిచ్చెన వేయడం, ఫొటో కోసం చప్పట్లు కొట్టి లేపడం కూడదు. పెద్ద కొంగ లేచిన ఐదు నిమిషాల్లో కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది. గుడ్లు, పిల్లలు తీయడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం.

ఈ పని బడిపిల్లలకు సరిగ్గా సరిపోతుంది. పరీక్షలకు ముందు గూళ్ల లెక్క, సెలవుల్లో పిల్లల లెక్క. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు దేశమంతటా జరిగే పక్షుల లెక్కింపులో ఎవరైనా పాల్గొనవచ్చు. సెల్‌ఫోనున్న పిల్లవాడు ఈబర్డ్‌లో నమోదు చేస్తే ఆ అంకె దేశపు లెక్కలో కలుస్తుంది. ఫోను లేకపోతే పంచాయతీలో ఒక పుస్తకం చాలు. కొంగలకే ఆగనక్కరలేదు. జొన్న వేసిన చేలో గులాబీ గోరువంక మొదట వాలిన రోజు, చివరిసారి కనబడిన రోజు రాసినా పనికివస్తుంది.

2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడింది. కొత్త జిల్లాకు కొత్త చెరువుల పట్టీ తయారైంది. ఆ పట్టీలో ప్రతి చెరువుకూ ఆయకట్టు ఎన్ని ఎకరాలో వుంటుంది. ఆ చెరువు నీటి మీద ఎన్ని గూళ్లు ఆధారపడ్డాయో రాసే గడి లేదు. వీరాపురం వంటి చోట్ల ఆ గడి నింపగలవారు వూరివారే. గూళ్ల లెక్కకు అనువైన రోజులు మార్చి రెండో వారం నుంచి నెలాఖరు వరకు. అప్పటికి చింత ఆకు పలచబడి వుంటుంది, గూళ్లు కింద నుంచే స్పష్టంగా కనబడతాయి. చిగురు వేశాక లెక్క కుదరదు.